బీఏ తరువాత ఐఐటీలో ఎంఏ: సీటు వస్తే చేరవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు నారాయణపేట ప్రాంతం నుంచి వచ్చారు. ఇంటర్మీడియట్‌లో హెచ్‌ఈసీ, ఆ తరువాత ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన బీఏ చదివారు. గేట్ పరీక్షలో ఎక్స్‌హెచ్, అంటే మానవీయ, సామాజిక శాస్త్రాల పేపరు రాయగా ఒక ఐఐటీ నుంచి డెవలప్‌మెంట్ స్టడీస్ (అభివృద్ధి అధ్యయనాలు) ఎంఏకు పిలుపు వచ్చింది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ స్కోరుతో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఎంఏలో చేరే అవకాశమూ ఉంది. ఐఐటీ అన్న పేరు ఇంటికి వచ్చిన తరువాత ఇంకో ఆలోచన ఎందుకని మీ నాన్నగారు అంటున్నారు. ఇంజినీరింగ్ పిల్లల మధ్య ఆర్ట్స్ పిల్లలను ఎవరు పట్టించుకుంటారని మీ లెక్చరర్ గారు అంటున్నారు. మీకేమో పాలమూరు వలసల మీద ఆసక్తి ఉంది, లెక్కలు వదిలేసి ఐదేళ్లయిందన్న బెరుకూ ఉంది.

నా సమాధానం ఇది. సాంకేతిక విద్యాసంస్థలో సామాజిక శాస్త్రాలు చదవడం తప్పు నిర్ణయం కాదు, కానీ సంస్థ పేరును చూసి మాత్రమే చేరితే అది తప్పు నిర్ణయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. మీరు చేరేది ఐఐటీలో కాదు, ఆ ఐఐటీలోని ఒక చిన్న డిపార్ట్‌మెంట్‌లో. మీకు ఆసక్తి ఉన్న విషయం మీద పనిచేసే ఆచార్యులు అక్కడ కనీసం ముగ్గురు ఉండి, చుట్టూ ఉన్న గణాంక, కంప్యూటర్, ఇంజినీరింగ్ వనరులను మీ పనికి వాడుకోవాలన్న కోరిక మీకు నిజంగా ఉంటే చేరండి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా సాధారణ విశ్వవిద్యాలయమే మీకు మేలు చేస్తుంది.

ఇది చెప్పడానికి నాకున్న అర్హత ఏమిటో కూడా తెలియాలి కాబట్టి చెబుతున్నాను. నేను అనంతపురం జిల్లాలో తెలుగు మాధ్యమంలో బీఏ చదివి, ఎంఏ ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, పీహెచ్‌డీ ఒక సాంకేతిక విద్యాసంస్థలో చేశాను. గత 14 ఏళ్లుగా అటువంటి సంస్థలోనే సామాజిక శాస్త్రాల విభాగంలో బోధిస్తున్నాను, ఎంఏ ప్రవేశాల ఇంటర్వ్యూలలో కూర్చుంటున్నాను. రెండు రకాల చోట్లా విద్యార్థిగా ఉన్నాను కాబట్టి రెండింటి బలమూ, లోటూ నాకు దగ్గరగా తెలుసు.

మొదట ఈ డిపార్ట్‌మెంట్లు ఎలా పుట్టాయో తెలుసుకుంటే మిగతా విషయాలు తేలికగా అర్థమవుతాయి. బీటెక్ విద్యార్థులు తమ నాలుగేళ్లలో కొన్ని మానవీయ, సామాజిక శాస్త్రాల కోర్సులను తప్పనిసరిగా చదవాలన్న నియమం ఐఐటీలలో ఉంది. ఆ కోర్సులు చెప్పడానికే చాలాకాలం ఈ విభాగాలు పనిచేశాయి. సొంతంగా ఎంఏ విద్యార్థులను చేర్చుకోవడం తరువాతి పరిణామం. మద్రాస్ ఐఐటీ 2006లో ఐదేళ్ల సమగ్ర ఎంఏను ప్రారంభించింది, ఇంటర్మీడియట్ తరువాత నేరుగా చేరగలిగిన ఆ కోర్సు స్థానంలో ఇప్పుడు డిగ్రీ తరువాత చేసే రెండేళ్ల ఎంఏ ఉంది. గువాహటి, హైదరాబాద్, మండీ ఐఐటీలలో డెవలప్‌మెంట్ స్టడీస్ ఎంఏ ఉంది. గాంధీనగర్‌లో సమాజం, సంస్కృతి అంశంగా ఎంఏ ఉంది. 2021 గేట్‌లో ఎక్స్‌హెచ్ పేపరు వచ్చాక, మూడో సంవత్సరం బీఏ విద్యార్థి కూడా గేట్ రాసే వీలు కలిగాక, మన జిల్లాల డిగ్రీ కళాశాలల నుంచి దరఖాస్తులు పెరగడం నేను కళ్లారా చూశాను. ఆ పేపరులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్‌కు, 25 మార్కులు తర్కానికీ పఠనావగాహనకూ, 60 మార్కులు మీరు ఎంచుకున్న సబ్జెక్టుకు ఉంటాయి. అన్ని సంస్థలూ ఈ స్కోరునే తీసుకోవు, కొన్ని సొంత పరీక్షో ఇంటర్వ్యూనో పెడతాయి.

ఈ పుట్టుక వల్ల రెండు ఫలితాలు ఉన్నాయి. ఒకే విభాగంలో అర్థశాస్త్రం, ఇంగ్లిషు, తత్వశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సోషియాలజీ, భాషాశాస్త్రం అన్నీ కలిసి ఉంటాయి. ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో చరిత్రకో అర్థశాస్త్రానికో ప్రత్యేక విభాగం ఉండి, ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక కాలాలకు వేర్వేరు నిపుణులు ఉంటే, ఇక్కడ చరిత్ర చెప్పేవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు, కొన్నిచోట్ల ఒక్కరే ఉంటారు. వారు సెలవుపై వెళితే ఆ సెమిస్టర్‌లో ఆ ఎలెక్టివ్, అంటే ఐచ్ఛిక కోర్సు, ఉండదు, మీ గైడ్ కాగలిగిన మనిషీ ఉండరు. రెండో ఫలితం మంచిది. ఎంఏ తరగతిలో ముప్ఫై నలభై మందికి మించి ఉండరు, అర్థశాస్త్రజ్ఞుడి గది పక్కనే సోషియాలజీ ఆచార్యుల గది ఉంటుంది, ఒక ప్రశ్నను రెండు శాస్త్రాల వైపు నుంచి అడగడం అక్కడ సహజంగా జరిగిపోతుంది. పెద్ద విశ్వవిద్యాలయంలో ఆ రెండు విభాగాలూ వేర్వేరు భవనాలలో ఉంటాయి, చాలామంది విద్యార్థులు రెండేళ్లలో ఒక్కసారి కూడా అటు నుంచి ఇటు దాటరు.

ఈ మొదటి ఫలితం ఎంత నష్టం చేయగలదో ఒక విద్యార్థిని అనుభవంతో చెబుతాను. ఆమెకు కాకతీయుల శాసనాలంటే ప్రాణం. డిగ్రీలో ఉండగానే ఊళ్లు తిరిగి శాసనాలకు అచ్చులు తీయించుకుని, పాత లిపిని కూడబలుక్కుని చదివేది. ఇంట్లోవాళ్లు సంస్థ పేరు చూసి ఆమెను ఒక సాంకేతిక విద్యాసంస్థలో ఎంఏలో చేర్చారు. అక్కడ శాసనాల మీద పనిచేసేవారు గానీ, మధ్యయుగ దక్కన్ చరిత్ర చెప్పేవారు గానీ లేరు. ఆమెకు దొరికిన గైడ్ నగరాభివృద్ధి విధానాల మీద పనిచేసే మనిషి. మంచివారే, కానీ ఆమె అడిగే ప్రశ్నలకు ఆయన దగ్గర సమాధానం లేదు. రెండు సెమిస్టర్లు నలిగిపోయిన తరువాత ఆమె ఆ కోర్సు వదిలి, చరిత్రకు ప్రత్యేక విభాగమున్న విశ్వవిద్యాలయంలో మళ్లీ మొదటి సంవత్సరంలో చేరింది. ఆ సంవత్సరం ఆమె నుంచి అనవసరంగా పోయింది. ఆమె సలహా కోసం నా దగ్గరకు వచ్చింది చేరిన తరువాతే గాని చేరక ముందు కాదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇటువంటి ప్రశ్నలకు ఇంత పొడుగున జవాబు రాయడానికి అదే కారణం.

తెలుగు సాహిత్యం, చరిత్ర, శాసనాలు, తత్వశాస్త్రం వంటివాటిలో లోతుకు వెళ్లాలనుకునేవారికి సాంకేతిక విద్యాసంస్థ సాధారణంగా సరైన చోటు కాదు. అక్కడి గ్రంథాలయాలు దశాబ్దాలుగా సైన్సు, ఇంజినీరింగ్ అవసరాల కోసం పెరిగాయి. పత్రికల విషయంలో ఈ తేడా ఇటీవల తగ్గింది. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలన్నింటికీ 30 ప్రచురణకర్తల పత్రికలు, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. అయితే పాత పుస్తకాలు, తెలుగు పత్రికల బైండు సంపుటాలు, జిల్లా గెజిటీర్లు ఆ పథకంలో రావు. చరిత్ర విద్యార్థికి కావలసినవి అవే.

ఇక సాంకేతిక సంస్థ ఎక్కడ మేలు చేస్తుందో చెబుతాను, ఎందుకంటే మీ లెక్చరర్ గారి మాటలో సగమే నిజం ఉంది. ఎనిమిదేళ్ల కిందట శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక అబ్బాయి మా ఎంఏలో చేరాడు. వాళ్లది ఉద్దానం ప్రాంతం. కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ వ్యాధి అక్కడి కుటుంబాలను ఎలా అప్పుల పాలు చేస్తోందో రాయాలన్నది అతని కోరిక. మొదటి సెమిస్టర్‌లో అతను రాసిన ప్రతిపాదనలో ఆవేదన ఉంది గాని కొలత లేదు. రెండో సెమిస్టర్‌లో సివిల్ ఇంజినీరింగ్ విభాగంలో జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల మీద సమాచారాన్ని విశ్లేషించే పద్ధతి) కోర్సును ఎలెక్టివ్‌గా తీసుకున్నాడు. అక్కడ పర్యావరణ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న ఒకామెతో పరిచయమై, నీటి నమూనాలు ఎలా తీయాలో, ఏ బోరు లోతును ఎలా నమోదు చేయాలో నేర్చుకున్నాడు. చివరికి అతని ఎంఏ పరిశోధన వ్యాసంలో ప్రతి ఇల్లూ డయాలిసిస్ కేంద్రానికి ఎంత దూరంలో ఉందో మ్యాపు మీద కనబడింది, ఆ దూరానికీ ఇంటి అప్పుకూ ఉన్న సంబంధం లెక్కతో సహా వచ్చింది. అదే అబ్బాయి సాధారణ విశ్వవిద్యాలయంలో చేరి ఉంటే మంచి సోషియాలజీ చదివేవాడు; ఆ మ్యాపు మాత్రం వచ్చేది కాదు. ఇప్పుడు అతను ఆరోగ్య రంగంలో సర్వేల రూపకల్పన చేసే పనిలో ఉన్నాడు.

ప్రపంచంలో దీనికి పెద్ద ఉదాహరణ మసాచుసెట్స్‌లోని ఎంఐటీ. అది ఇంజినీరింగ్‌కు పేరుపడ్డ సంస్థే అయినా, నోమ్ చామ్‌స్కీ 1955లో అక్కడ చేరి ఆధునిక భాషాశాస్త్రం దిశనే మార్చారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అక్కడి అర్థశాస్త్ర విభాగంలో పనిచేస్తూ, 2003లో పేదరికంపై క్షేత్ర ప్రయోగాల పరిశోధన కేంద్రాన్ని స్థాపించినవారిలో ఉన్నారు; 2019లో మైకేల్ క్రేమర్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందారు. ఆ బృందం చేసిన ఒక ప్రసిద్ధ అధ్యయనం మన హైదరాబాద్ బస్తీలలోనే జరిగింది. 104 బస్తీలను తీసుకుని, యాదృచ్ఛికంగా ఎంచిన సగం బస్తీలలో సూక్ష్మరుణాలు ముందుగా ఇప్పించి, మిగతా సగంతో పోల్చి చూశారు. అప్పు దొరికిన కుటుంబాల జీవితాలు చెప్పుకోదగినంతగా మారిపోతాయన్న అప్పటి నమ్మకానికి ఆ లెక్కలు మద్దతు ఇవ్వలేదు. ప్రశ్న పూర్తిగా సామాజికమైనది, పద్ధతి ఒక వైద్య ప్రయోగం వంటిది. ఇటువంటి పని మీద మీకు ఆకర్షణ ఉంటే సాంకేతిక సంస్థ వాతావరణం మీకు సరిపోతుంది. మన సంస్థలన్నీ ఎంఐటీలు కావన్నది నిజమే. అయినా గణాంకశాస్త్రం చెప్పే మనిషి మీ హాస్టల్‌కు పది నిమిషాల నడకలో ఉండటం చిన్న విషయం కాదు.

మీ అసలు భయం దగ్గరకు వస్తాను. పదో తరగతి తరువాత లెక్కలు ముట్టలేదని రాశారు. నేనూ అంతే. పీహెచ్‌డీ మొదటి సెమిస్టర్‌లో ఎకనామెట్రిక్స్ (అర్థశాస్త్రానికి వాడే గణాంక పద్ధతులు) కోర్సులో నా పక్కన బీటెక్ నాలుగో సంవత్సరం విద్యార్థులు కూర్చునేవారు, బోర్డు మీద మాత్రికలు కనబడగానే నాకు కలం ఆగిపోయేది. మొదటి పరీక్షలో తరగతి మొత్తంలో నాదే తక్కువ మార్కు. ఆ వారాంతంలో హైదరాబాద్ వెళ్లి తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్ గణితం పుస్తకాలు కొనుక్కువచ్చాను. 1ఏలో మాత్రికలు, 1బిలో అవకలనం, 2ఏలో విస్తరణ కొలతలు, సంభావ్యత అధ్యాయాలు మాత్రమే తీసుకుని, ఆరు వారాలు రోజూ ఉదయం రెండు గంటలు మాదిరి లెక్కలు చేశాను. తెలుగులో అర్థమైన దాన్ని ఇంగ్లిషులో తిరిగి రాసుకోవడం వల్ల పరిభాష కూడా పట్టుబడింది. ఎంఏ డెవలప్‌మెంట్ స్టడీస్‌కు ఇంతకన్నా ఎక్కువ గణితం మొదట్లో అవసరం లేదు. చేరడానికి ముందు మీకు రెండు నెలల ఖాళీ ఉంటుంది, ఆ నాలుగు అధ్యాయాలు చాలు. ఆర్ లేదా పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాషలు ముందే నేర్చుకోవాలని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. అవి తరగతిలోనే నేర్పుతారు, అన్ని లెక్కలూ వచ్చినవారు కూడా అక్కడ మొదటి వారం మీలాగే తడబడతారు.

గ్రేడ్ల సంగతి కూడా ముందే తెలుసుకోవాలి. చాలా సాంకేతిక సంస్థల్లో తరగతిలోని మిగతావారి మార్కులతో పోల్చి గ్రేడు ఇచ్చే పద్ధతి ఉంది. మీ ఎంఏ కోర్ కోర్సుల్లో అందరూ మీవంటివారే కాబట్టి ఇబ్బంది ఉండదు. బీటెక్ విద్యార్థులతో కలిసి తీసుకునే ఎలెక్టివ్‌లో మాత్రం మొదటి సెమిస్టర్‌లోనే దిగవద్దు. మొదట ఆ కోర్సులో ఆడిట్ చేయడానికి, అంటే గ్రేడు లేకుండా కూర్చోవడానికి, ఆచార్యుల అనుమతి అడగండి. దాదాపు అందరూ ఇస్తారు. నచ్చితే తరువాతి సెమిస్టర్‌లో క్రెడిట్‌కు తీసుకోవచ్చు.

ఒంటరితనం గురించి నిజం చెప్పాలి. క్యాంపస్ సంభాషణలన్నీ ఇంటర్న్‌షిప్‌లు, కోడింగ్ పోటీలు, ప్లేస్‌మెంట్ ప్యాకేజీల చుట్టూ తిరిగే నెలలు ఉంటాయి. 'ఎంఏనా? అది ఐఐటీలో కూడా ఉందా?' అన్న ప్రశ్న మీకు చాలాసార్లు ఎదురవుతుంది, అడిగేవారికి చెడు ఉద్దేశం లేకపోయినా వినేవారికి నొప్పి కలుగుతుంది. నేను పీహెచ్‌డీ చేసిన చోట స్కాలర్ల సమావేశంలో ఒక అధికారి మా విభాగాన్ని సేవా విభాగమని సంబోధించినప్పుడు నాకు కలిగిన అవమానం ఇప్పటికీ గుర్తుంది. మరోవైపు, తరగతి చిన్నది కావడం వల్ల మీ బ్యాచ్ ఒక కుటుంబంలా ఉంటుంది, ఆచార్యులకు మీ పేరు మొదటి వారంలోనే తెలుస్తుంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇది చాలా విలువైనది. మీ ఇంగ్లిషు చిత్తుప్రతిని ఎర్ర సిరాతో వరుసకు వరుస దిద్ది ఇచ్చే తీరిక అంత చిన్న తరగతిలోనే ఆచార్యులకు దొరుకుతుంది. ఆదివారం ఉదయం మాట్లాడుకోవడానికి కవిత్వం, రాజకీయం, ఉద్యమాలు కావాలనుకునేవారికి మాత్రం పెద్ద విశ్వవిద్యాలయంలో దొరికే వాతావరణం సాంకేతిక సంస్థలో దొరకదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో టీ కొట్టు దగ్గర నడిచే చర్చలు కూడా చదువులో భాగమేనని అక్కడ చదివినవారెవరైనా చెబుతారు.

ఇప్పుడు చాలామంది చూడని విషయం చెబుతాను. మీ డిగ్రీ పట్టా మీద సబ్జెక్టు పేరు ఏమని రాసి ఉంటుందో చూడండి. మీ నాన్నగారికి మీరు ప్రభుత్వ జూనియర్ లెక్చరర్ కావాలని ఉందన్నారు. రెండు రాష్ట్రాల సర్వీస్ కమిషన్ల నోటిఫికేషన్లలో జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ పోస్టులకు సంబంధిత సబ్జెక్టులో పీజీ అడుగుతారు. ఎకనామిక్స్ పోస్టుకు ఎకనామిక్స్ ఎంఏ ఉన్నవారికి ఏ చిక్కూ ఉండదు. డెవలప్‌మెంట్ స్టడీస్ పట్టాతో వెళితే అది సమానమేనని నిరూపించే భారం మీ మీద పడుతుంది. సర్టిఫికెట్ల పరిశీలన రోజున తమ డిగ్రీ ఆ సబ్జెక్టుకు సమానమని చెప్పే పత్రం కోసం పరుగులు తీసినవారు నాకు తెలుసు. అధ్యాపక అర్హతకూ, జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్‌కూ జరిగే యూజీసీ నెట్ విషయం వేరు. అక్కడ ఎకనామిక్స్ పేపరు కిందే డెవలప్‌మెంట్ స్టడీస్‌ను కూడా చేర్చారు, కాబట్టి నెట్‌కూ జేఆర్‌ఎఫ్‌కూ అడ్డంకి లేదు. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి అమలులో ఉన్న రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు. సివిల్స్‌కూ, గ్రూప్స్‌కూ ఏ డిగ్రీ అయినా చాలు కాబట్టి ఆ ఆలోచన ఉన్నవారు పట్టా పేరు గురించి కలత పడనక్కరలేదు.

ప్లేస్‌మెంట్ల గురించి ఎక్కువ రాయను. ఐఐటీ ప్యాకేజీలని వార్తల్లో వచ్చే అంకెలు బీటెక్ విద్యార్థులవి. ఎంఏ విద్యార్థులు అదే ప్లేస్‌మెంట్ కార్యాలయంలో నమోదు చేసుకోవచ్చు, కానీ క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో చాలా భాగం వారికి దరఖాస్తు అవకాశమే ఇవ్వవు. మా విద్యార్థుల్లో ఎక్కువమంది పరిశోధన సంస్థల్లో, స్వచ్ఛంద సంస్థల్లో, ప్రభుత్వ పథకాల మదింపు చేసే చోట్ల, డేటా విశ్లేషణ కంపెనీల్లో చేరారు, అవి కూడా ఎక్కువగా సొంతంగా వెతుక్కున్నవి, సీనియర్ల ద్వారా వచ్చినవి. చేరబోయే డిపార్ట్‌మెంట్‌ను ఎంఏ బ్యాచ్ లెక్కలు విడిగా ఇవ్వమని అడగండి. మొత్తం సంస్థ సగటు చెప్పి సరిపెడితే దాన్ని సమాధానంగా తీసుకోకండి.

ఇంటర్మీడియట్‌లో ఉన్న చెల్లెళ్లూ తమ్ముళ్లూ కూడా దీన్ని చదువుతారు కాబట్టి ఒక మాట. బొంబాయి, కాన్పూర్ ఐఐటీలలో ఉన్న అర్థశాస్త్రం బీఎస్ కోర్సులకు జేఈఈ అడ్వాన్స్‌డ్ ద్వారానే వెళ్లాలి, బిట్స్‌లోని ఎకనామిక్స్ ఎంఎస్సీకి కూడా భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు చదివి ఉండాలి. అంటే ఇవి ఎంపీసీ వారి కోసమే; ఎంఈసీ చదివి వీటికి సిద్ధమవుతున్నామని చెప్పిన పిల్లలను చూసి నాకు బాధ కలిగింది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సుతో పాటు భాషాశాస్త్రం, మానవ శాస్త్రాలు కలిపి చదివే ద్వంద్వ డిగ్రీలు ఉన్నాయి, తెలుగు యంత్రానువాదం మీద అక్కడ మంచి పని జరిగింది, కానీ వాటికీ ఎంపీసీ కావాలి. హెచ్‌ఈసీ, సీఈసీ చదివినవారికి తెరిచి ఉన్న తలుపు డిజైన్. బొంబాయి, హైదరాబాద్ ఐఐటీల బీడిజైన్‌కు జరిగే యూసీడ్ పరీక్షను ఏ గ్రూపు వారైనా రాయవచ్చు. మద్రాస్ ఐఐటీ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్సు కోర్సుకు ఏ గ్రూపుతోనైనా ఇంటర్మీడియట్ పాసై, పదో తరగతిలో గణితం, ఇంగ్లిషు చదివి ఉంటే చాలు, క్వాలిఫయర్ దశ దాటాలి. బీఏ చదువుతూనే దాన్ని చేస్తున్నవారు ఉన్నారు. కొత్తగా బీఏ, బీబీఏ ప్రారంభించిన ప్రైవేటు ఇంజినీరింగ్ విశ్వవిద్యాలయాల విషయంలో నా సలహా ఒక్కటే: అక్కడ మీ సబ్జెక్టులో పూర్తికాలం పనిచేసే ఆచార్యులు ఎంతమంది, వారు ఎన్నేళ్లుగా ఉన్నారు అన్నది తెలుసుకోకుండా ఫీజు కట్టవద్దు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. ఐఐటీ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్ తెరిచి ఆచార్యుల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కరూ గత ఐదేళ్లలో ఏమి రాశారో చూసి, వలస, కూలి, వ్యవసాయం, గ్రామీణ ఉపాధి మీద పనిచేసినవారి పేర్ల పక్కన గుర్తు పెట్టండి. తరువాత గత రెండేళ్లలో నిజంగా నడిచిన ఎలెక్టివ్‌ల జాబితా అడగండి. సిలబస్ పుస్తకంలో ముప్ఫై ఎలెక్టివ్‌లు ఉన్నా, నడిచేవి పది కూడా ఉండకపోవచ్చు. చివరగా రెండో సంవత్సరం విద్యార్థి ఒకరితో ఫోన్‌లో మాట్లాడి మూడు ప్రశ్నలు అడగండి: మీ గైడ్ వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, క్షేత్ర పర్యటనకు డబ్బు ఎవరిస్తారు, వేరే విభాగంలో కోర్సు తీసుకోవడానికి ఎవరైనా అడ్డు చెప్పారా. అధికారిక పుస్తకంలో దొరకని నిజం ఈ మూడింటిలో దొరుకుతుంది.

సర్టిఫికెట్ల గురించి కూడా హెచ్చరించాలి, ఎందుకంటే ప్రతి ఏడాదీ మన రాష్ట్రాల పిల్లలు ఇక్కడ నష్టపోతున్నారు. బీసీ-ఏ, బీ, డీ అని రాష్ట్రం ఇచ్చే సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. ఉంటే కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీలేయర్ అని స్పష్టంగా రాసి, ప్రస్తుత ఆర్థిక సంవత్సరంలో జారీ అయిన సర్టిఫికెట్‌ను మీసేవ ద్వారా ఇప్పుడే తీసుకోండి. ఈడబ్ల్యూఎస్ వారికి కూడా తేదీ విషయంలో ఇదే జాగ్రత్త అవసరం.

మీ విషయంలో నా అభిప్రాయం చెప్పి ముగిస్తాను. మీ ప్రశ్నలో పాలమూరు వలసల గురించి ఆరు వాక్యాలు ఉన్నాయి. పుణె, ముంబై పనులకు వెళ్లి వచ్చిన మీ ఊరి కుటుంబాల పిల్లలు బడి మధ్యలో మానేసిన తీరు, ఎవరెవరు ఏ నెలలో వెళతారో మీరు నోటుపుస్తకంలో రాసుకున్న సంగతి అందులో ఉంది. లెక్చరర్ ఉద్యోగం గురించి ఒక్క వాక్యమే ఉంది, అదీ నాన్నగారి మాటగా. ఆ నోటుపుస్తకం ఉన్న మనిషి సర్వే పద్ధతులూ, జీఐఎస్, గణాంకాలూ అందుబాటులో ఉన్న చోటికి వెళ్లడం సరైనదని నాకు అనిపిస్తోంది. కాబట్టి ఆ కాగితం మీద గుర్తు పెట్టిన పేర్లు మూడు లేదా అంతకంటే ఎక్కువ వస్తే ఐఐటీలో చేరండి. ఒకటో రెండో వస్తే సెంట్రల్ యూనివర్సిటీ ఎకనామిక్స్ తీసుకోండి. అది ఏ విధంగానూ రెండో తరగతి ఎంపిక కాదు, పట్టా పేరు విషయంలో నాన్నగారి కోరికకూ దారి తెరిచి ఉంచుతుంది, పీహెచ్‌డీకి సాంకేతిక సంస్థకు వెళ్లే అవకాశం అప్పటికీ ఉంటుంది. నేను వెళ్లిన దారి అదే. నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఆ కాగితాన్ని ఆయన ముందు పెట్టి, ఒక్కొక్క పేరూ చదివి వినిపించండి. జాబితా తయారైన తరువాత సందేహం మిగిలితే ఇక్కడే రాయండి, ఎవరి పని మీ ప్రశ్నకు దగ్గరగా ఉందో చూసి చెబుతాను.